ఎత్తమ్మలంక

చైత్రం, బహుళ తదియ

ఈ ఉదయం ఏడో నంబరు దీవి మీద దిగాం. పడవలోంచి ఒక కాలు తీసి నేల మీద పెట్టాను. రెండో కాలు పెట్టేలోపే నేల జానెడు పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది. పడిపోబోయి ఇనుప కమ్మీ పట్టుకున్నాను. నా వెనక దానియేలు హార్మోనియం పెట్టె నెత్తిన పెట్టుకుని, ఏ కమ్మీ పట్టుకోకుండానే దిగాడు. ఆయన పాటగాడు, పాటలు కడతాడు కూడా. నేను బొమ్మలు చేస్తాను. పునరావాస సంస్థ మా ఇద్దరినీ ఆరు నెలల పని మీద ఇక్కడికి పంపింది. ఏ రోజు ఏం చేశామో రాసి పెట్టమంది. అందుకే ఈ రాత.

దీవిని చూసుకునే ఇంజనీరు రవూఫ్ గారు ముందు ఇళ్ళు చూపించారు. తెల్లటి ఇళ్ళు, వరసగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. గడియలకు ఉప్పు పట్టి బిగుసుకుపోయాయి. జనమంతా దీవి అంచున కట్టేసిన సొంత పడవల్లో ఉన్నారు. వంట అక్కడే, పడక అక్కడే.

"ఇళ్ళిచ్చి ఏడాది దాటింది. పగలు పైకొచ్చి పని చేసుకుంటారు, పొద్దుగూకితే పడవల్లోకి పోతారు. పీపాల మీద తేలేదాన్ని నేల అని ఎలా అంటామంటారు," అన్నారు రవూఫ్ గారు.

"పడుకోనివ్వండి. పడవల్లో పడుకుంటే ఏమైంది?" అన్నాను.

"పడవలో ఉన్నవాడికి తాడు విప్పడం ఎంతసేపండీ? విప్పుకుని పాత ఊరి మీదికి పోతున్నారు. నీళ్ళ కింద వాళ్ళ ఊరు ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. అక్కడ లంగరేసి కూర్చుంటారు. తాగే నీళ్ళు అయిపోయినా లేవరు. మాఘంలో ఒక కుటుంబం మొత్తం అలాగే పోయింది. శవాల్ని నేనే వెళ్ళి తెచ్చాను. పీపాలూ గొలుసులూ అయితే నేను చూసుకోగలను. ఇది మన ఊరే అని వాళ్ళకి అనిపించడం నా చేతిలో లేదు. అది మీరు చెయ్యాలి. ఒక పేరు పెట్టండి, ఒక కథ చెప్పండి. ఏం చేస్తారో చెయ్యండి, వీళ్ళు ఇళ్ళలోకి రావాలి."

వైశాఖం, శుద్ధ పంచమి

పొద్దున్నే మంచినీళ్ళ మిషను దగ్గర వరస కడతారు. నీళ్ళు పట్టుకున్నాక ఆడవాళ్ళంతా తడిగుడ్డలతో సోలార్ పలకల మీద ఉప్పు తుడుస్తారు. తుడవకపోతే సాయంత్రానికి మిషను ఆగిపోతుంది. నేనూ ఒక గుడ్డ తీసుకుని వాళ్ళతో కలిశాను. మొదటి వారం నాతో ఎవరూ మాట్లాడలేదు.

నా పక్క పలక నూకాలక్కది. యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. ఊరిని ముంచిన ఉప్పెనలో భర్తనీ కూతుర్నీ పోగొట్టుకుంది. కొడుకు సత్తిబాబు, కోడలు లోవ మిగిలారు. లోవకిప్పుడు మూడో నెల. దీవి మీద ఎవరికి ఏ తగువు వచ్చినా నూకాలక్క దగ్గరికే వెళ్తారు.

ఇవాళ తనే నోరు విప్పింది. "బొమ్మలు సేత్తావంట గదమ్మా? ఏ బొమ్మలు?"

"ఏవైనా చేస్తానక్కా. మీ ఊళ్ళో ఏ అమ్మవారు ఉండేది?"

ఆమె గుడ్డ పిండి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. "ఉండేది. మాతో రాలేదు. సంస్తోళ్ళు మమ్మల్ని ఓడెక్కించేప్పుడు, సామాన్లు వద్దు, మనుసులు సాలన్నారు. ఆయమ్మ సామాను కింద లెక్కయిపోయింది." గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచి అంది, "నువ్వే సెప్పు. ఎవురూ కాపలా లేని సోట కన్నెలా మూత పడద్ది?"

వైశాఖం, బహుళ దశమి

రవూఫ్ గారి పడవలో నాలుగో నంబరు దీవికి వెళ్ళాం. అక్కడికి మాకన్నా ముందు ఒక చిత్రకారుణ్ణి పంపారట. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. గోడల నిండా నెమళ్ళు, మామిడితోటలు, ఎడ్లబళ్ళు. రంగులు ఇంకా మెరుస్తున్నాయి. పని బాగుంది, నాకన్నా మంచి చెయ్యి. ఒక ఇంట్లో గూట్లో దువ్వెన ఉంది, దానికి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.

"వీళ్ళంతా ఏమయ్యారు?" అని అడిగాను.

"సగం మంది పాత ఊళ్ళ మీదికి పోయారు. మిగిలినవాళ్ళని సిటీ క్యాంపుల్లో పెట్టారు. క్యాంపుల్లో సంగతి మీరు వినే ఉంటారు," అన్నారు రవూఫ్ గారు.

విన్నాను. అక్కడ ఉరితాళ్ళు దొరకకుండా దుప్పట్లు కూడా ఇవ్వడం మానేశారు.

తిరిగి వస్తుంటే దానియేలు అన్నాడు, "హైమగారూ, ఆయన వాళ్ళకి పోయినవాటి బొమ్మలేశాడండీ. రోజూ చూసి ఏడవడానికి. మనం కింద ఏముందో చెప్పాలి. వాళ్ళ కాళ్ళ కింద."

"కాళ్ళ కింద పీపాలున్నాయి."

"అదే. పీపాలున్నాయని తెలిసి ఎవరు నిద్రపోతారండీ?"

జ్యేష్ఠం, శుద్ధ సప్తమి

కథ దొరికింది. ముందుగా దొరికింది దానియేలుకే. నూకాలక్క ఉప్పెన రోజు సంగతి చెబుతూ ఒక మాట అంది. వాళ్ళ వీధిలో ఒక ఆడమనిషి పీకలోతు నీళ్ళలో నిలబడి పిల్లల్ని ఒక్కొక్కర్నీ భుజాల మీదికెక్కించుకుని మేడ మీదికి అందించిందట. ఆ మనిషి ఎవరో ఎవరికీ తెలీదు. పొరుగూరి మనిషేమో. తర్వాత కనిపించలేదు.

మేం ఆమెను పట్టుకున్నాం. మా కథలో ఆమె చావలేదు. అక్కడే నిలబడి ఉంది. పిల్లల తర్వాత తల్లుల్ని, ముసలివాళ్ళని, ఇళ్ళను, చివరికి దీవినంతా భుజం మీదికెత్తుకుంది. మీకు నేల ఊగినట్టు అనిపించేది అల కాదు. ఆమె ఊపిరి. పేరు ఎత్తుకున్నమ్మ.

దానియేలు పాట కట్టాడు. పడవల దగ్గర కూర్చుని హార్మోనియం తీసి పాడాడు. వాళ్ళ నాన్న పాస్టరు, ఈయన పాడటం నేర్చుకుంది చర్చిలో. ఆ గొంతులో ఏం పాడినా ప్రార్థనలాగే ఉంటుంది.

"పీకలోతు నీట నిలబడి
ఎక్కండి ఎక్కండి అన్నది
ఎక్కినోళ్ళ బరువు ఎంతైనా
ఎత్తుకున్నమ్మ దింపనన్నది"

రెండోసారి పాడేటప్పటికి ఆడవాళ్ళు పల్లవి అందుకున్నారు. లోవ ఏడ్చింది. నూకాలక్క మాత్రం గొంతు కలపలేదు. చూస్తూ కూర్చుంది.

ఆషాఢం, శుద్ధ ఏకాదశి

పాత ఊరి మీదికి పడవలో వెళ్ళి, సత్తిబాబు చేత నీళ్ళ అడుగునుంచి మట్టి తెప్పించాను. నల్లటి మట్టి, ఇంకా పేడ వాసన వేస్తోంది. దాంతోనే బొమ్మ చేశాను. మొహం, మెడ, రెండు భుజాలు, అంతే. దీవి మధ్య నేలలోంచి పైకి వచ్చినట్టు నిలబెట్టాను. మిగిలిన ఒళ్ళంతా కింద నీళ్ళలో ఉన్నట్టు. చాలా ఏళ్ళకి నా చేతులు నేను చెప్పకుండానే పని చేశాయి. ఆ సంతోషం కూడా ఇక్కడ రాసి పెట్టాలి.

సాయంత్రం నూకాలక్క వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. భుజం మీద చెయ్యి వేసి, తీసి, నా మొహంలోకి చూసింది.

"ఒక మాటడుగుతాను, నిజం సెప్పమ్మా. ఇది మీరు కట్టిన కతా, ఉన్నదా?"

దానియేలు అక్కడ లేడు. నాకు నాలుగో నంబరు దీవి గుర్తుకొచ్చింది, ఆ దువ్వెన గుర్తుకొచ్చింది.

"ఆ మట్టి మీ ఊరి మట్టే అక్కా," అన్నాను.

ఆమె కొంగు తీసి బొమ్మ మెడ మీద కారుతున్న తడి తుడిచింది.

శ్రావణం, పౌర్ణమి

ఇళ్ళ గడియలు ఊడదీశారు. ముందు నూకాలక్క కుటుంబం, తర్వాత ఒక్కొక్కరూ. పడవలు ఇప్పుడు ఖాళీగా ఊగుతున్నాయి. ఎత్తుకున్నమ్మ అనడం పొడుగైపోయిందేమో, ఎత్తమ్మ అంటున్నారు. ఏడో నంబరు అనేవాళ్ళు లేరు. ఎత్తమ్మలంక అయింది. బొమ్మ దగ్గర చెప్పులు విడుస్తున్నారు. సత్తిబాబు వల లాగుతుంటే ఆమె పాదం కనిపించిందట, ఓడ అంత ఉందట. నేను పాదాలు చెయ్యలేదు. వాళ్ళు చేసుకున్నారు.

సంస్థ నుంచి మెచ్చుకోలు వచ్చింది. బొమ్మ కొలతలూ పాటా పంపమన్నారు. మిగతా దీవుల్లో కూడా పెడతారట. పంపాం. ఆ రోజు రవూఫ్ గారు బిర్యానీ వండించారు.

భాద్రపదం, బహుళ షష్ఠి

లోవకి ఏడో నెలకే నొప్పులొచ్చాయి. ఒడ్డున ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి రవూఫ్ గారు పడవ సిద్ధం చేశారు. గుంపు అడ్డం నిలబడింది.

"ఎల్లడానికి లేదండి. ఒకలు దిగితే ఎత్తమ్మ ఒక పక్కకి ఒరిగిపోద్ది," అన్నాడు సత్తిబాబు. పుట్టబోయే బిడ్డ తండ్రి ఆ మాట అంటున్నాడు. "అందరం ఎక్కి ఉన్నాం గాబట్టే నిలబడగలుగుతుంది ఆవిడ. పాటలో ఉంది గదండీ."

దానియేలు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ మాట పాటలో లేదండీ. నేను రాయలేదు," అన్నాడు.

నిజమే, ఆయన రాయలేదు. పలకలు తుడుస్తూ ఆడవాళ్ళు ఒక చరణం కలుపుకున్నారు. మేం వింటూనే ఉన్నాం. మన పాట వాళ్ళదైపోయిందని మురిసిపోయాం.

బిడ్డ దీవి మీదే పుట్టింది. ఆడపిల్ల, పిడికెడంత. తల్లీ బిడ్డా బతికారు. దాంతో వాళ్ళ నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఆశ్వయుజం, శుద్ధ నవమి

రవూఫ్ గారు నీళ్ళ కిందికి దిగి చూసి వచ్చారు. ఒంటి మీద నీళ్ళు తుడుచుకోకుండానే మా గదికి వచ్చి కూర్చున్నారు.

"పీపాలని కలిపే ఇనుప కీళ్ళు పాడైపోయాయండీ. తుప్పూ గుల్లలూ పట్టి లోపలికంటా తినేశాయి. చేత్తో కదిపితే పెళ్ళలు ఊడొస్తున్నాయి. మామూలు రోజుల్లో పర్లేదు. గాలివాన వస్తే ఆగదు."

"పై వాళ్ళకి చెప్పారా?"

"చెప్పాను. వానాకాలం వెళ్ళాక బాగుచేస్తారట. అంతదాకా జనం హాయిగానే ఉన్నారు కదా అన్నారు." ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "ఇదివరకైతే అందరూ పడవల్లో ఉండేవాళ్ళు. గాలి వాసన తగిలితే తాడు విప్పుకుని పోయేవాళ్ళు."

ఆయన మమ్మల్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆశ్వయుజం, బహుళ చవితి

నిన్న వాయుగుండం అన్నారు. ఇవాళ తుఫాను అయింది. నేరుగా మా మీదికే వస్తోంది. మధ్యాహ్నం సంస్థ ఓడ వచ్చి అల్లంత దూరంలో ఆగింది. దించుకుపోయే పడవలు అంచుకి వచ్చాయి. ఒక్క మనిషి కదల్లేదు. అందరూ బొమ్మ చుట్టూ కూర్చున్నారు. వాన అడ్డంగా కొడుతోంది.

నేను బొమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాను. అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఇది నేను చేశాను! మట్టితో, నా చేతుల్తో చేశాను. ఈ పాట దానియేలు కట్టాడు. మీరు ఇళ్ళలో ఉండాలని మాకు పని ఒప్పజెప్పారు. కింద ఎవరూ లేరు. పీపాలున్నాయి, అవి పాడైపోయాయి. లేవండి, దండం పెడతాను, లేవండి!"

ఎవరైనా కోప్పడతారనుకున్నాను. రాయి విసురుతారనుకున్నాను. నూకాలక్క లేచి వచ్చి నా తల మీద తన కొంగు కప్పింది, తడవకుండా.

"నువ్వే సేసేవు, నాకు తెల్దా ఏటి? ఆ రోజే తెలుసు. నువ్వు సేసేవు గానీ, సేసేక దాన్లోకి ఎవరొచ్చేరో నీకేం తెలుసమ్మా? నా మనవరాల్ని బతికించింది నువ్వా?"



అప్పుడు దానియేలు హార్మోనియం లేకుండా, వట్టి గొంతుతో పాడటం మొదలుపెట్టాడు. పాత వరసే. మాటలు కొత్తవి.

"దిగండి బిడ్డల్లారా దిగండి
బుజము నొప్పెడుతోంది దిగండి
మీరు దిగితే నేను కూలబడి
ఘడియసేపు ఊపిరి తీస్తాను"

నేను ఎంత అరిచినా కదలని జనం తలలెత్తారు. దానియేలు మళ్ళీ పాడాడు, మళ్ళీ మళ్ళీ. ఒక ముసలాయన లేచి బొమ్మ భుజానికి దండం పెట్టి, "నొప్పెడతందామ్మా? దిగిపోతాన్లే," అని పడవ వైపు నడిచాడు. ఆయన వెనక ఇంకొకరు. పిల్లల తల్లులు లేచారు. సగం మంది దాకా లేచారు.

నూకాలక్క లేవలేదు. "బరువు మోసే మనిసి అలిసిపోయేనంటే వదిలేసి పోతామా? తోడుండాల," అంది. ఆ మాటకి మిగతా సగం మళ్ళీ కూర్చుండిపోయారు. సత్తిబాబు తల్లిని వదలనన్నాడు. పెళ్ళాన్ని మాత్రం తనే నడిపించుకొచ్చి, బిడ్డతో సహా పడవలో నా పక్కన కూర్చోబెట్టాడు. "బిడ్డ బరువెంతలే, దిగినా తేడా రాదు," అన్నాడు లోవతో. లోవ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. ఒక్కో వేలూ విడదీసి తీశాడు.

దానియేలు రాలేదు.

"రెండో ట్రిప్పులో వస్తానండీ. ఇంకో నాలుగుసార్లు పాడితే ఇంకొంతమంది లేస్తారు. చూశారుగా, లేస్తున్నారు."

"రెండో ట్రిప్పు ఉంటుందని ఎవరు చెప్పారు? ఎక్కండి!"

"ఎక్కమని మొదటిసారి పాడింది కూడా నేనే కదండీ," అని చెయ్యి ఊపి వెనక్కి వెళ్ళాడు.

మేం ఓడ ఎక్కేసరికి అల ఇల్లంత ఎత్తు లేచింది. కెప్టెను పడవల్ని మళ్ళీ దించడం కుదరదన్నాడు. రవూఫ్ గారు ఆయన కాళ్ళు పట్టుకున్నారు. ఓడ తిరిగింది. గాలి ఇటు మళ్ళినప్పుడల్లా పాట వినిపించింది. కాసేపటికి గాలి ఇటు మళ్ళినా వినిపించలేదు.

కార్తీకం, శుద్ధ విదియ

కొండ మీద ఊళ్ళో ఒక స్కూల్లో ఉంచారు మమ్మల్ని. వెతకడానికి వెళ్ళిన పడవలు తిరిగి వచ్చాయి. పీపాలు దొరికాయి, విడివిడిగా, చాలా దూరాల్లో. మనుషులు ఎవరూ దొరకలేదు. దానియేలు వాళ్ళ నాన్నగారికి ఫోనులో నేనే చెప్పాను. ఆయన అంతా విని, "చివరిదాకా పాడుతున్నాడా అమ్మా?" అని ఒక్కటే అడిగారు. పాడుతున్నాడని చెప్పాను.

సంస్థ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. పోయినవాళ్ళకి సంతాపం చెప్పాక, మిగతా దీవుల్లో ఎత్తమ్మ బొమ్మలు బాగా పనిచేస్తున్నాయనీ, కొత్తవాటికి కూడా నన్నే రమ్మనీ అన్నాడు.

"వస్తాను. కానీ అక్కడ దానియేలు చివర పాడిన చరణం ముందు పాడించాలి. అవసరమొస్తే దిగమని ఆమే చెప్పాలి," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దిగమని చెప్పే దేవత ఉంటే జనం ఎలా ఉంటారండీ?"

నేను వెళ్ళనన్నాను. ఇకనుంచి ఈ రాత సంస్థ కోసం కాదు.

కార్తీకం, శుద్ధ ఏకాదశి

స్కూల్లో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మొదట దుఃఖం అనుకున్నాను. దుఃఖం ఒక్కటే అయితే కలిసి ఏడ్చేవాళ్ళు. వీళ్ళు విడివిడిగా, గోడల వైపు తిరిగి కూర్చుంటున్నారు. ముందుగా లేచి దండం పెట్టి నడిచిన ముసలాయన అన్నం మానేశాడు. నిన్న ఉదయం పోయాడు.

రవూఫ్ గారు రోజూ వచ్చి నల్లబల్ల మీద కీళ్ళ బొమ్మ గీసి చెబుతున్నారు, ఎలా తుప్పు పట్టింది, ఎలా విరిగింది అని. ఎవరూ వినరు. ఆయన చెప్పడం మానరు.

ఇవాళ పొద్దున లోవ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. బిడ్డ చేతుల్లో ఏడుస్తోంది, పాలకి. లోవ పట్టడం లేదు. ఇచ్చిన డబ్బాపాలు పక్కవాళ్ళు పడుతున్నారు.

"పట్టు లోవా. ఆకలేస్తోంది దానికి."

"నేను దిగేనండి," అంది లోవ. "మేవందరం దిగేవు. సగం మంది ఒక్కసారే దిగితే ఆవిడ ఒరగదా? మేం దిగబట్టేగదా అత్తా, ఆయనా..."

అప్పుడర్థమైంది, స్కూలంతా గోడల వైపు తిరిగి ఏం చూస్తోందో.

"కాదు. ఇనుము తుప్పు పట్టింది. రవూఫ్ గారు చెప్పారు కదా. అందరూ అక్కడే ఉన్నా విరిగేది. మీరు కూడా పోయేవాళ్ళు, అంతే."

"ఆయన అలాగే అంటారండి. ఇంజనీరు గదా."

"నేను చెబుతున్నాను. నువ్వు దిగడం వల్ల కాదు."

లోవ చాలాసేపు నా మొహంలోకి చూసింది. నూకాలక్కలాగే, ఇది కతా ఉన్నదా అని అడుగుతుందనుకున్నాను.

"ఎత్తమ్మ మీద ఒట్టేసి సెప్పండి."

ఆమె మట్టి బొమ్మ అని, పీపాలతో పాటు ముక్కలై ఏ ఇసకలోనో కలిసిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాను. బిడ్డ ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి పిల్లికూన అరిచినట్టుంది. లోవ నా చెయ్యి పట్టుకుని తీసి బిడ్డ తల మీద పెట్టింది. ఆ తల నా అరచేతిలో సగం కూడా లేదు. మాడు కొట్టుకుంటోంది.

"ఎత్తమ్మ మీద ఒట్టు," అన్నాను. "మీరు దిగినందుకు కాదు. మిమ్మల్ని దిగమంది ఆవిడే."

నా జీవితంలో ఎప్పుడూ దేవుడి మీద ఒట్టు వెయ్యలేదు. చెయ్యి వణికింది. వణకడం లోవ కూడా చూసింది. అందుకే నమ్మిందనుకుంటాను. రవిక ముడి విప్పి బిడ్డని దగ్గరికి తీసుకుంది. బిడ్డ అందుకోగానే తల వంచి, తుఫాను తర్వాత మొదటిసారి, బయటికి వినిపించేలా ఏడ్చింది.

నేను లేవబోయాను. నా వెనక ఒకామె వచ్చి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె. వరండాలో మగవాళ్ళు లేచి నిలబడ్డారు. మొదట కూర్చున్నామె తన కొడుకుని ముందుకు తోసింది. వాడి తల మీద చెయ్యి పెట్టి మళ్ళీ ఒట్టు వేశాను.